ఇచ్చానన్న మాత్ర

హాలోవే పాయింట్‌లో పొద్దున్నే కొట్టు బల్ల దగ్గర కాఫీ తాగుతూ ఎవరేమన్నా, ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి వచ్చేది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరాన అంత చిన్న ఊరది. చలికాలమంతా ఒడ్డున బోర్లా పడుకున్న పడవలు మళ్లీ నీళ్లలోకి దిగే మే నెలలో, ఒక ఉదయం, ఆ బల్ల దగ్గర మాట పిడుదుల మీదకి మళ్లింది.

"నిన్న మా టగ్ మెడ కింద పిడుదులు పీకాను. ఎన్నని పీకను?" అన్నాడు వెండెల్ స్ప్రౌల్. సముద్రంలో బోనులు వేసి లాబ్‌స్టర్లు పట్టుకునే మనిషి అతను. టగ్ అతని ముసలి కుక్క. "ఆ పశువుల డాక్టరమ్మేమో నెలనెలా మాత్ర వెయ్యమంటోంది. చలికాలంలో కూడా మానకూడదట. నువ్వేమంటావు ఆరిన్?"

అందరూ ఆరిన్ బీల్ వైపు చూశారు. చూడటానికి కారణం ఉంది. ఆరిన్ చెక్కపడవలు కట్టేవాడు. అరవై దాటినా చెయ్యి వణకలేదు. పలకను వేలితో తట్టి 'ఇది పనికిరాదు' అన్నాడంటే ఇంకొకరు దాన్ని మళ్లీ తట్టి చూసేవారు కాదు. పడవల గురించి అతని మాట అంత చెల్లేది కనుక, మిగతా విషయాల్లో కూడా చెల్లిపోయేది. అందులో ఉన్న ప్రమాదం ఆ బల్ల దగ్గర ఎవరికీ తట్టలేదు, ఆరిన్‌కి అసలే తట్టలేదు.

"మా నాన్న జీవితమంతా కుక్కల్ని పెంచాడు," అన్నాడు ఆరిన్ తీరిగ్గా. "ఒక్కదానికైనా మాత్ర వేసి ఎరగడు. పిడుదు కనిపిస్తే గిల్లి పొయ్యిలో పడేసేవాడు. అవి హాయిగా తిని, తిరిగి, ముసలివై పోయాయి. ఇప్పుడు కుక్కలకి కూడా మనలాగే మాత్రల డబ్బా పెట్టమంటున్నారు. రేపు కళ్లజోడు పెట్టమంటారు, ఎల్లుండి పళ్లసెట్టు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. గుమ్మం దగ్గర పడుకున్న ఆరిన్ కుక్క మాబెల్ ఆ నవ్వులకి తల ఎత్తి చూసి, తోక రెండుసార్లు నేలకి కొట్టి, మళ్లీ పడుకుంది. తేనెరంగు లాబ్రడార్ అది. యజమాని నవ్వితే దానికి అంతకంటే కావలసింది లేదు.

తండ్రి గురించి ఆరిన్ చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజుల్లో ఆ తీరాన చలి ఎముకలు కొరికేది, అంత చలికి పిడుదులు ఇన్ని బతికేవి కావు. ఇప్పుడు చలికాలాలు మెత్తబడ్డాయి. జింకలు ఇళ్ల వెనక తోటల్లోకి వస్తున్నాయి. ఎండుటాకుల్లో ఎలుకలు, ఆ ఎలుకల మీద గసగసాల గింజంత పిడుదులు. తండ్రి మాట తండ్రి కాలానికి నిజం. కొడుకు దాన్ని తన కాలానికి కూడా వాడుకున్నాడు. మనలో చాలామంది చేసే పనే అది, అందుకే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

ఆరిన్ భార్య విన్నీ మాత్రం డాక్టరు చెప్పినట్టే మాత్రలు తెప్పించింది. కీళ్లవాతంతో ఆమె వేళ్లు వంకర తిరిగాయి. మాత్ర మీది రేకు చింపడం ఆమెవల్ల కాదు. అందుకని ఆ పని భర్తకి అప్పగించింది. నెల మారగానే గుర్తు చేసేది.

"ఆరిన్, మాబెల్‌కి మాత్ర ఇచ్చావా?"

"ఇచ్చాను."

ఇవ్వలేదు. ఆ మాత్రలన్నీ పడవల కొట్టంలో, అటక మీద ఖాళీ రంగు డబ్బాలో పడి ఉన్నాయి. కిందటేడు పడవ చూడటానికి వచ్చిన ఒకాయన, తన కుక్కకి అలాంటి మాత్ర వేశాక మూర్ఛ వచ్చిందని చెప్పాడు. ఆ మాట ఆరిన్ చెవిలో ఉండిపోయింది. అది నిజమో కాదో డాక్టర్ని అడగవచ్చు, అడగలేదు. నాకు భయంగా ఉందని భార్యతో చెప్పవచ్చు, చెప్పలేదు. కొట్టు దగ్గర అంత ధీమాగా మాట్లాడే మనిషికి భయం ఒప్పుకోవడం కష్టం. ఇచ్చాను అనడం సులువు. పైగా కుక్క బాగానే ఉంది కదా, అబద్ధం వల్ల ఎవరికేం నష్టం అనుకున్నాడు.

జులైలో మాబెల్‌లో చురుకు తగ్గింది.

రోజూ ఆరిన్ వెంట రేవుకి వెళ్లి, గట్టు మీంచి చిన్న పడవలోకి ఒక్క గెంతు గెంతి ముందు చెక్క మీద కూర్చోవడం దానికి అలవాటు. ఒకరోజు గట్టు అంచున నిలబడి, ముందుకాలు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆరిన్ తెడ్లు పట్టుకుని ఎదురు చూశాడు. అవతలి ఒడ్డున ఒక పడవ మరమ్మతు పని ఉంది, ఆటుపోటు తిరిగేలోపు వెళ్లాలి.

"ఏమే మహారాణీ, పల్లకీ తెప్పించమంటావా?"

కుక్క అతని మొహంలోకి చూసింది, కదల్లేదు.

"తిండి ఎక్కువై ఒళ్లు బరువెక్కింది నీకు. సోమరిదానా, దిగు." గట్టు మీదకి ఎక్కి, బూటుకాలితో దాని తుంటి మీద ఒక తోపు తోశాడు. గట్టిగా కాదు. కాని మాబెల్ సన్నగా మూలిగి, పడవలోకి దిగి, అడుగున ముడుచుకుని పడుకుంది. ఆ మూలుగు ఆ రోజు ఆరిన్ చెవికి ఎక్కలేదు. తరవాత ఎక్కింది, ఎక్కి ఇక దిగలేదు.

కొన్నాళ్లకి అది ఎడమ ముందుకాలితో కుంటింది. ఆ కుంటు తగ్గిందనుకుంటే వెనక కుడికాలికి వచ్చింది. మేకు గుచ్చుకుందేమోనని ఆరిన్ పాదాలు చూశాడు, ఏమీ లేదు. తరవాత అది గిన్నెలో తిండి వాసన చూసి వదిలేసింది. విన్నీ ఆ గిన్నె తీసుకుని భర్త ముందు పెట్టింది.

"లాబ్రడార్ తిండి వదిలేసిందంటే ఇంకేం చూస్తున్నావు? బండి తియ్యి."

పక్క ఊళ్లో పశువుల ఆసుపత్రి నడిపే డాక్టర్ హాస్కెల్ నలభై ఏళ్ల మనిషి. పొడి మాట, మెత్తని చెయ్యి. మాబెల్ కాళ్లు ఒక్కొక్కటీ వంచి, చాచి చూసింది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉందంది. తరవాత అడగవలసిన మాట అడిగింది.

"పిడుదుల మాత్ర క్రమంగా వేస్తున్నారా?"

"నెల తప్పకుండా వేస్తున్నాం డాక్టర్," అంది విన్నీ వెంటనే. "ఆరినే ఇస్తాడు."

డాక్టర్ ఆరిన్ వైపు చూసింది. ఆరిన్ నేల మీది గళ్ల వైపు చూశాడు. తల ఊపాడో లేదో అతనికే తెలియదు. కాదనలేదు, అంతే. ఆ గదిలో నిజం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరికి నోరు లేదు. రెండోవాడు నోరు విప్పలేదు.

"అయితే పిడుదు జబ్బు అయ్యే అవకాశం తక్కువ," అంది డాక్టర్. "గట్టు మీంచి గెంతుతుందంటున్నారు కదా, కీలు బెణికి ఉండవచ్చు. నొప్పి తగ్గే మందు ఇస్తాను. తగ్గకపోతే తీసుకురండి, అప్పుడు రక్తం చూద్దాం."

తిరిగి వస్తుంటే విన్నీ, "హమ్మయ్య, బెణుకే," అంది. ఆరిన్‌కి కూడా గుండె తేలికపడింది. తన అబద్ధం వల్ల వచ్చిన జబ్బు కాదన్న ఊరట అది. ఆ ఊరట ఎంత అన్యాయమైనదో అతనికి తరవాత తెలిసింది.

నొప్పి మందుతో మాబెల్ రెండు రోజులు లేచి తిరిగింది. మూడోనాటికి వాంతి చేసుకుంది. గిన్నెడు నీళ్లు తాగి, వెంటనే కక్కి, మళ్లీ తాగింది. ఆ మధ్యాహ్నం ఆరిన్ కొట్టంలో పలక చిత్రిక పడుతుంటే, మాబెల్ ఇంటి దగ్గరనుంచి అక్కడిదాకా ఈడ్చుకుంటూ వచ్చింది. వచ్చి, అతని బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. తనను తోసిన బూటే అది. ఆరిన్ చిత్రిక కింద పెట్టాడు. దాని చెవి వెనక నిమరబోయి, చర్మం మడతలో ఏదో తగిలి ఆగాడు. నువ్వుగింజంత తల చర్మంలో దిగి ఉంది, వెనక రక్తం తాగి ఉబ్బిన బూడిదరంగు పొట్ట. ముందుకాలి చంకలో ఇంకొకటి. ఇన్నాళ్లూ ఆ కుక్కని నిమిరిన చెయ్యి అది, ఒక్కసారైనా వెతకలేదు.

అటక మీది రంగు డబ్బా దింపి చేత్తో పట్టుకుని ఇంట్లోకి వెళ్లాడు.

"విన్నీ, దాన్ని ఇప్పుడే తీసుకెళ్లాలి. దారిలో నీకు ఒక మాట చెప్పాలి."

ట్రక్కులో మాబెల్ తల విన్నీ ఒళ్లో ఉంది. డబ్బా ఇద్దరి మధ్యా ఉంది. ఆరిన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పేశాడు.

"నెలనెలా నేను అడిగాను," అంది విన్నీ.

"అడిగావు."

"నువ్వు నా మొహం చూసి చెప్పావు."

"చెప్పాను."

వంకర తిరిగిన వేళ్లతో ఆమె కుక్క నుదురు నిమురుతూనే ఉంది. "పడవల అడుక్కి ఏటేటా ఆ ఎర్ర రంగు ఎందుకు పూస్తావు ఆరిన్?"

"పురుగు తొలవకుండా."

"తొలిచాక పూస్తావా?"

ఆరిన్ బండి ఇంకాస్త వేగంగా పోనిచ్చాడు.

ఆసుపత్రిలో ఈసారి డాక్టర్ అడగకముందే ఆరిన్ నోరు విప్పాడు. "డాక్టరమ్మా, దానికి ఒక్క మాత్ర కూడా వెయ్యలేదు. కిందటిసారి మీ ముందు నిలబడి దాచాను." డబ్బా ఆమె బల్ల మీద పెట్టాడు.

డాక్టర్ హాస్కెల్ డబ్బాలోకి చూసి, పక్కకి జరిపి, ముందు పని చూసింది. చిన్న పట్టకారుతో ఒక్కొక్క పిడుదునీ తల దగ్గర పట్టుకుని నెమ్మదిగా నిలువునా లాగింది. రక్తం తీసి చిన్న పరీక్ష పలక మీద వేసింది. కాసేపటికి దాని మీద నీలం చుక్క తేలింది. మూత్రం కూడా పరీక్షించింది. ఆ తరవాత కూర్చుని మాట్లాడింది.

"లైమ్ జబ్బు, పిడుదు కాటుతో వచ్చేది. ఇది సోకిన కుక్కల్లో చాలావాటికి పైకి ఏమీ కనిపించదు. కొన్నిటికి కీళ్లు పట్టేస్తాయి, జ్వరం వస్తుంది. వాటికి మందు మొదలుపెడితే మూడు నాళ్లలో లేచి తిరుగుతాయి. ఏ కొద్దివాటికో మూత్రపిండాలకి ఎక్కుతుంది. మాబెల్‌కి ఎక్కింది."

"నొప్పి మందు..." అన్నాడు ఆరిన్.

"ఆపేయాలి. బాగున్న మూత్రపిండాలు దాన్ని తట్టుకుంటాయి, దెబ్బతిన్నవాటికి అది భారం. మీరు నిజం చెప్పి ఉంటే ఆ రోజే రక్తం చూసేదాన్ని, ఆ మందు ఇచ్చేదాన్ని కాదు." ఆమె గొంతు పెంచలేదు. "నా తప్పూ ఉంది. మాట విని పరీక్ష వాయిదా వేశాను. ఇక ఎవరి మాట మీదా వాయిదా వెయ్యను."

"మీ తప్పు లేదమ్మా. మీరు నమ్మారు." ఆరిన్ టోపీ చేతుల్లో నలిపాడు. "ఒకాయన కుక్కకి ఆ మాత్ర వల్ల మూర్ఛ వచ్చిందన్నాడు. దానికి భయపడ్డాను."

"అది కట్టుకథ కాదు. కొన్ని కుక్కలకి, ముఖ్యంగా ఇదివరకే మూర్ఛ ఉన్నవాటికి, ఆ రకం మాత్ర పడదు. వాటికి వేరే మందు ఇస్తాం, మందు కలిపిన మెడపట్టీ ఇస్తాం, లైమ్‌కి టీకా కూడా ఉంది. భయపడటం తప్పు కాదు ఆరిన్ గారూ. ఆ భయం తీసుకుని నా దగ్గరికి రావాలి. మీరు దాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టారు."

మాబెల్‌ని అక్కడే ఉంచి సూది ద్వారా నీళ్లు ఎక్కించారు. బతుకుతుందని డాక్టర్ చెప్పలేదు, బతకదనీ చెప్పలేదు.

ఇంట్లో విన్నీ ఆ తీరంవాళ్ల పద్ధతిలో పాలు పోసి చేపల పులుసు వండింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు, చెంచాలు కదల్లేదు.

"తిట్టు విన్నీ. తిడితే తేలిగ్గా ఉంటుంది."

"నిన్ను తేలిక చెయ్యడం నా పని కాదు," అంది ఆమె. "కుక్క పోతుందేమోనన్న భయం ఒకటి. ఇంకో భయం ఉంది. ఇన్నేళ్లూ నువ్వు 'కట్టాను', 'మూశాను', 'చూశాను' అంటే నేను వెళ్లి చూసుకోలేదు. ఇకనుంచి వెళ్లి చూసుకోవాలా?"

ఆరిన్ ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. విన్నీ లేచి అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలని ఉండి కూడా వెయ్యలేదు. చల్లారిన పులుసు తీసి లోపల పెట్టి వెళ్లిపోయింది.

వారం గడిచాక మాబెల్ ఇంటికి వచ్చింది. బక్కచిక్కి, ముందుకాలి మీద బొచ్చు గొరిగిన చోట తెల్లగా కనిపిస్తూ వచ్చింది. నెల రోజులు లైమ్ మందు, మూత్రపిండాలకి వేరే మందు, ఉప్పూ మాంసమూ తగ్గించిన తిండి. మూత్రంలో ఇంకా ప్రోటీన్ పోతూనే ఉందని, ఆ దెబ్బ పూర్తిగా మానదని డాక్టర్ చెప్పింది. ఎన్నాళ్లు బతుకుతుందని విన్నీ అడిగితే, "బాగా చూసుకుంటే బాగానే కొన్నాళ్లు," అంది. ఆ కొన్నాళ్లు ఎన్నో ఆమెకీ తెలియదు.

మాత్రలన్నీ ఆరినే వేశాడు, ఈసారి విన్నీ ఎదురుగా కూర్చుని చూస్తుండగా. చూడమని అతనే అడిగాడు. మాబెల్ ప్రతిసారీ అతని అరచేతిలోంచి మాత్ర నాకి మింగి, తోక ఊపేది. ఆ చేతిని అది అనుమానించలేదు. భార్య అనుమానించింది, డాక్టర్ అనుమానించింది, తనని తానే అనుమానించుకుంటున్నాడు. ఆ కుక్క ఒక్కటే అనుమానించలేదు. అదే అతనికి భరించరానిదయింది.

ఇంటి వెనక ఎండుటాకులు ఊడ్చి, గడ్డి కోసి, అడవి అంచున కంకర పరిచాడు. సాయంత్రం బయటినుంచి రాగానే మాబెల్‌ని పడుకోబెట్టి చెవుల్లో, వేళ్ల సందుల్లో, చంకల్లో, మెడపట్టీ కింద వేళ్లతో వెతికేవాడు. పిడుదు కరిచిన వెంటనే జబ్బు ఎక్కదు, ఒక రోజో ఇంకా పైనో అంటిపెట్టుకుని ఉండాలి, ఆలోపు తీసేస్తే చాలావరకు ముప్పు తప్పినట్టే అని డాక్టర్ చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి, తను వెతకని సాయంత్రాలన్నీ గుర్తొచ్చేవి.

ఇంత చేసినా, కొట్టు బల్ల దగ్గర మాత్రం అతను నోరు విప్పలేదు. కుక్కకేమైందని ఎవరైనా అడిగితే, "ఏదో జబ్బు, తగ్గుతోంది," అనేవాడు. ఇంట్లో ఒప్పుకున్నాను, డాక్టర్ దగ్గర ఒప్పుకున్నాను, ఇంక ఊరందరికీ ఎందుకు అనుకున్నాడు.

శరదృతువులో రైతుల సంఘం హాల్లో శనివారం విందు జరిగింది. కుండల్లో రోజంతా మగ్గిన చిక్కుడుగింజలు, ఆవిరిపట్టిన నల్లరొట్టె, క్యాబేజీ ముక్కలు. ఊరంతా పొడుగు బల్లల చుట్టూ కుర్చీల్లో కూర్చుంది. సంఘంవాళ్లు పిలిస్తే డాక్టర్ హాస్కెల్ వచ్చి, చలి మొదలైందని పిడుదుల మందు మానవద్దని, మంచు లేని వెచ్చటి రోజు చలికాలంలో వచ్చినా అవి లేచి తిరుగుతాయని నాలుగు మాటలు చెప్పింది. సగంమంది వింటున్నారు, సగంమంది రొట్టె అందుకుంటున్నారు.

ఆరిన్ పక్కన కూర్చున్న వెండెల్ నవ్వుతూ గొంతు పెంచాడు. "అవన్నీ మాకు అక్కర్లేదు డాక్టరమ్మా. మాకు ఆరిన్ చెప్పాడుగా, కళ్లజోడూ పళ్లసెట్టూ అని. ఆ రోజునుంచి మా టగ్‌కి మానేశాం. మా వీధిలో ఇంకా ముగ్గురు మానేశారు."

అందరూ నవ్వారు. విన్నీ నవ్వలేదు. భర్త వైపు చూడనూ లేదు. ఆరిన్ చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. తన అబద్ధం తన ఇంట్లో ఆగిందనుకున్నాడు. తన వెటకారం మాత్రం గుమ్మాలు దాటి, తనకి తెలియని కుక్కల దాకా వెళ్లింది.

లేచి నిలబడ్డాడు. కుర్చీ చప్పుడుకి జనం తిరిగి చూశారు.

"వెండెల్, ఆ మాట అన్నది నేనే. అప్పుడు నాకేమీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి నవ్వించాను. మా మాబెల్‌కి లైమ్ జబ్బు వచ్చింది. విన్నీ మాత్రలు తెచ్చి చేతికిస్తే దాచేసి, ఇచ్చానన్నాను. డాక్టర్ అడిగితే నోరు మూసుకున్నాను. అది నడవలేకపోతే సోమరిదని కాలితో తోశాను. ఇప్పుడు దాని మూత్రపిండాలు సగం లేవు. నా మాట విని మానేసినవాళ్లు సోమవారం ఆసుపత్రికి వెళ్లండి. భయం ఉంటే డాక్టర్ని అడగండి, నన్ను అడగకండి. నాకు పడవలే తెలుసు."

వెండెల్ మొహంలో నవ్వు ఎక్కడికో పోయింది.

"మా టగ్..." అన్నాడు నెమ్మదిగా, "నాలుగు రోజులనుంచి మెట్లెక్కడం లేదు. ముసలితనం అనుకున్నా."

"ముసలితనమే కావచ్చు," అంది డాక్టర్ అవతలి బల్ల దగ్గరనుంచి. "రేపు ఆదివారమైనా ఆసుపత్రి తలుపు తీస్తాను, తీసుకురండి. చూడకుండా చెప్పను."

ఆరిన్ కూర్చోబోయాడు. విన్నీ అతని చెయ్యి పట్టుకుంది. వంకర వేళ్లు అతని వేళ్లలోకి సరిగ్గా దూరలేదు, అయినా వదల్లేదు. ఆ వేసవి తరవాత ఆమె అతన్ని తాకడం అదే మొదటిసారి. ఆరిన్ కూర్చోకుండా, చెప్పవలసింది ఇంకొకటి మిగిలినవాడిలా, ఆ జనం వైపు తిరిగాడు.

"ఆ రోజు ఆసుపత్రిలో దాని తరఫున మాట్లాడటానికి నేనొక్కణ్ణే ఉన్నాను, నేనే మాట్లాడలేదు. నోరులేనిదాన్ని ఇంటికి తెచ్చుకున్నవాడు దానికి నోరై నిలవాలి. దాని గురించి తెలిసింది దాచకండి, తెలియనిది అడక్కుండా ఉండకండి."